సగం గ్రౌండు

అచ్యుతరావు గారికి ఆరేళ్ళుగా తీరని సందేహం ఒకటుంది. తమ ఊరి ఆడపిల్లల హాకీ జట్టు బంతి దొరకగానే కుడి పక్కకే ఎందుకు పరిగెడుతుంది? ఎడమ పక్కంతా ఖాళీగా ఉన్నా అటు ఒక్కరూ ఎందుకు పోరు? పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఈ ప్రశ్న మనసులో మెదిలేది. ఇలాంటి సంగతులు దేవుణ్ణి అడగవచ్చో లేదోనని మళ్ళీ ఆయనే మొహమాటపడేవాడు.

ఆయనది పెదపాడు దగ్గర ఒక పల్లె. ఆరెకరాల వరి, ఒక చేపల చెరువు. ఏటా డిసెంబరులో తాడేపల్లిగూడెంలో జరిగే టోర్నమెంటుకి వ్యాను కట్టించి ఊరివాళ్ళను తీసుకెళ్ళేవాడు. ఏటా మొదటి మ్యాచిలోనే ఓడి తిరిగొచ్చేవారు. కిందటేడు ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, "ఏవండీ, మీ పిల్లలకి ఎడమ పక్క కాలవేమన్నా కనబడుతోందాండీ, అటు అడుగెయ్యట్లేదు?" అని నిమ్మళంగా అడిగాడు. చుట్టూ అందరూ నవ్వారు. అచ్యుతరావు గారికి ఆ పూట అన్నం సయించలేదు.

తప్పంతా కోచ్‌దేనని ఆయన తేల్చుకున్నాడు. కోచ్ ఏసుకుమార్ ఒకప్పుడు జిల్లాకి ఆడినవాడు. క్లబ్బు ఇచ్చే కొద్దిపాటి జీతంతోనే భార్యాబిడ్డల్ని పోషించుకుంటున్నాడు. అతన్ని తీసెయ్యమని అచ్యుతరావు గారు అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి నలభై సంతకాలు పెట్టించాడు. ఈసారీ ఓడితే పంపించేద్దాం లెమ్మని క్లబ్బు ప్రెసిడెంటు గంగాధరరావు గారు మాటిచ్చారు.

ఆ సంగతి విని ఆయన భార్య సత్యవేణి, "నలభై సంతకాలు పోగుచేశారు బాగానే ఉంది. ఆ కోచ్ ఎలా నేర్పుతున్నాడో ఒక్క సాయంత్రమన్నా వెళ్ళి చూశారాండీ?" అంది.

మర్నాడు సాయంత్రం అచ్యుతరావు గారు అర్జీ జేబులో పెట్టుకుని గ్రౌండుకి వెళ్ళాడు.

ఆయనకి కొత్త చోటు కాదు అది. కోత మిషన్లు వచ్చిన దగ్గర్నుంచి ధాన్యం పచ్చిగానే వస్తోంది. తేమ తగ్గితే గానీ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకని నవంబరు నుంచి రైతులందరూ గ్రౌండులో ఎడమ సగమంతా టార్పాలిన్ బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. టోర్నమెంటుకని పిల్లలు సాధన మొదలుపెట్టేదీ అప్పుడే. ట్రాక్టర్లు తిరగడానికి అడ్డమని అవతలి గోలుపోస్టు పీకి పక్కన పడేశారు. మిగిలిన ఒక్క గోలు వైపే, కుడి పక్కనున్న సన్నటి జాగాలో పిల్లలు ఆడుతున్నారు. ధాన్యంలో మొదటి వరస అచ్యుతరావు గారిదే. రోజూ పొద్దున్నే వచ్చి కూలీలకు పని చెప్పి పోవడమే గానీ, ఆట వేళకి ఆయన ఎన్నడూ రాలేదు.

ఆయన చూస్తుండగానే బంతి వెళ్ళి ధాన్యంలో పడింది. పదో తరగతి చదివే రమ్య పరుగున వచ్చి, బరకం అంచున ఆగి, బూట్లు విప్పింది. ఒట్టి కాళ్ళతో మెల్లగా నడిచి బంతి తీసుకుంది. కాలు తగిలినందుకు గింజల్ని తాకి కళ్ళకద్దుకుంది.

"ఎడమ పక్కకి ఎందుకు ఆడరమ్మా?" అని అడిగాడాయన.

"అటు ధాన్యం ఉంటది కదండీ, తాతగారూ. తొక్కకూడదని కోచ్ గారు చెప్పారండి. ఇది ఎత్తేసరికి టోర్నమెంటు అయిపోద్దండి."

ఆ పిల్ల మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆయనకి మరీ గట్టిగా తగిలింది. అచ్యుతరావు గారు చెడ్డవాడు కాడు. ధాన్యం ఆరబోసిందీ ఆయనే, జట్టు ఓడితే నిద్రపట్టక దొర్లిందీ ఆయనే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కనాడూ చూసుకోలేదు. మనలో మాత్రం ఎంతమందిమి చూసుకుంటున్నాం?

క్లబ్బు కమిటీకి ఎందుకు చెప్పలేదని ఏసుకుమార్‌ని అడిగాడు. రెండుసార్లు చెప్పానన్నాడతను. రైతులతో గొడవెందుకు, సర్దుకోమన్నారట. ప్రెసిడెంటు గారి ధాన్యం కూడా అక్కడే ఉంది మరి.

"పంట పాడైతే మీకు ఏడాది కష్టం పోతుందండి. మ్యాచి ఓడితే నాకు నాలుగు తిట్లతో పోతుంది కదా అని ఊరుకున్నానండి," అన్నాడు ఏసుకుమార్.

అర్జీ జేబులోనే ఉండిపోయింది. మర్నాడు తెల్లవారగానే అచ్యుతరావు గారు తన ధాన్యమంతా ఎత్తించి చేపల చెరువు గట్టుమీద ఆరబోయించాడు. కూలి ఎక్కువైంది, కాపలా కష్టమైంది. తరవాత ఆ నలభై ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాడు. సంతకం అడిగితే కుర్చీ వేసినవాళ్ళు ఈసారి గుమ్మంలోనే నిలబెట్టారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటుంటే హాకీ ఏమిటండీ అని విసుక్కున్నారు. ఆయన వాదించలేదు. ధాన్యానికి తన గట్టుమీద చోటిస్తానన్నాడు. ఒకరిని చూసి ఒకరు కదిలారు. అందరికన్నా ఆఖరున, తల వంచుకుని, గంగాధరరావు గారి ట్రాక్టరు కదిలింది. అవతలి గోలుపోస్టు మళ్ళీ నిలబడింది. టోర్నమెంటుకి ఇంకా పదహారు రోజులుంది.

ఆ పదహారు రోజులూ ఏసుకుమార్ పిల్లల్ని ఎడమ పక్కే పరిగెత్తించాడు.

తాడేపల్లిగూడెంలో మొదటి మ్యాచి ఉండి జట్టుతోనే పడింది. ఆఖరి క్వార్టరులో చెరొక గోలుతో సమానంగా ఉన్నారు. మూడు నిమిషాలుందనగా బంతి రమ్యకి దొరికింది. అలవాటు ప్రకారం వీళ్ళు అటే వస్తారని ఉండి జట్టు పిల్లలందరూ కుడి పక్క కాపు కాశారు. రమ్య ఒక్క క్షణం ఆగి, ఎడమకి తిరిగింది. ఎదురుగా ఎవరూ లేరు. అచ్యుతరావు గారు అరవడం కూడా మరిచిపోయి రెండు చేతులూ జోడించాడు. బంతి ఠప్పుమని గోలు లోపలి చెక్కకి తగిలింది.

గెలిచారు. ఆరేళ్ళలో మొదటిసారి. వ్యానులో వచ్చిన వాళ్ళంతా గ్రౌండులోకి దిగి, తీసెయ్యమని సంతకం పెట్టిన చేతులతోనే ఏసుకుమార్‌ని భుజాలకెత్తుకున్నారు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా అతనికి చెయ్యి ఖాళీ లేదు.

గంగాధరరావు గారు శాలువా తెచ్చి, దారి చూపిన పెద్దలు మీరేనంటూ అచ్యుతరావు గారికి కప్పబోయారు. ఆయన దాన్ని అందుకుని కోచ్ భుజాన వేసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఓడిపోయినప్పుడు తప్పెవరిదని అడగడం మన హక్కేనండి. కానీ అందులో మన వంతు ఎంతో ముందు చూసుకోవాలి. నేను చేసింది ఉపకారం కాదు. ఈ పిల్లలకి ఆరేళ్ళుగా బాకీపడ్డ సగం గ్రౌండు తిరిగిచ్చాం, అంతే."