వామనరావు తిన్న ఉప్మా

మా కాశయ్య మామ పోయాక, ఆయన పెద్దదినం నాడు చేనికి ఉప్మా మోసుకొచ్చిన ప్రతి ఒక్కరినీ కసురుకోవాలనిపించింది నాకు. కసురుకోలేదు. ఈ మాధవికి కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసిన మా అమ్మ, పొద్దున్నుంచీ ఒక కన్ను నా మీదే వేసి ఉంచింది.

మామ అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పేరు కాశయ్యే గాని, రాచర్లలో ఆ పేరుతో పిలిచేది అమ్మ ఒక్కతే. తక్కిన లోకానికి ఆయన వామనరావు. నా చిన్నప్పుడు శనివారం సాయంత్రం టీవీలో 'మూడు వాటాల ఇల్లు' అని నవ్వుల సీరియల్ వచ్చేది. నడిమి వాటాలో హీరో, హీరోయిన్ ఉండేవాళ్ళు. వాళ్ళ మొహాలు ఇప్పుడెవరికీ గుర్తులేవు. పక్క వాటాలో ఆరడుగుల మనిషి, పేరు మాత్రం వామనరావు. ఆ వేషం మా మామది. నడిమి వాటాలో టిఫిను తయారయ్యే వేళకు సరిగ్గా తలుపు తోసుకొని వచ్చేవాడు. "వాసన పిలిచింది, వచ్చాను" అని పీట వాల్చుకొని కూర్చునేవాడు. ప్రతి వారమూ ఉప్మానే. ప్లేటు ఊడ్చి పెట్టి, "ఇంకొంచెం ఉంటే పెట్టమ్మా. లేకపోతే లేదని చెప్పు, గిన్నె నేనే చూస్తాను" అనేవాడు. ఆ మాటకు మా వీధి వీధంతా పడీ పడీ నవ్వేది. ఒకసారి ఆ పట్నం మాటల మధ్యలో నోరు జారి మా ఊరి యాసలో "ఏంది" అన్నాడు. మావాళ్ళు టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సీరియల్ అయిపోయాక చిన్నా చితకా వేషాలు వేసి, పెళ్ళి మాట ఎత్తకుండానే ముసలివాడై, మోకాళ్ళు మొరాయించాక మా ఇంటికే వచ్చేశాడు. అసలు కథ అప్పుడు మొదలైంది. గిద్దలూరు పోతే హోటలాయన పిలిచి ఉప్మా పెట్టేవాడు. బేస్తవారిపేటలో పెళ్ళికి పోతే విందు భోజనం పక్కకు జరిపి ఈయనకు విడిగా ఉప్మా చేయించేవాళ్ళు. ఫోన్లలో ఆ పాత ముక్కలు తిరగడం మొదలయ్యాక కుర్రకారు కూడా తగులుకుంది. మామ ఎక్కడా కాదనలేదు. కూర్చొని, తిని, ఇంకొంచెం అడిగి, గిన్నెలోకి తొంగిచూసి, వాళ్ళను నవ్వించి వచ్చేవాడు.

వచ్చి మా గడప మీద కూలబడి, "అక్కా, ఒక సజ్జరొట్టె కాల్చు" అనేవాడు.

ఉప్మా వాసన వస్తే ఆయనకు కడుపులో తిప్పేది. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. షూటింగులో పొద్దున వండిన ఉప్మానే సాయంత్రం దాకా టేకు మీద టేకు తినిపించేవాళ్ళట. చల్లారి గడ్డకట్టినదాన్ని నవ్వుతూ మింగాలి. ఒకసారి నేను ఉండబట్టలేక, "వద్దని చెప్పొచ్చు గదా మామా, మొహమాటానికి ప్రాణం తీసుకుంటావా?" అన్నాను.

"వాళ్ళు పెట్టేది నాకు కాదు మే, వామనరావుకు" అన్నాడు రొట్టె తుంచుకుంటూ. "వాడు నాకు ఇన్నేళ్ళు కూడు పెట్టినాడు. వానికి ఆకలైనప్పుడు నేను తినకపోతే ఎట్ల?"

తర్వాత అమ్మ చెయ్యి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "అక్కా, నేను పోయినాక కూడా ఈ మాట బయటికి రాగూడదు. పెట్టినోళ్ళు బాధపడతారు. ఒట్టెయ్యి."

అమ్మ ఒట్టు వేసింది.

మామ మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. సుఖమైన చావని అందరూ అన్నారు, నేనూ అన్నాను. మా చిన్నాన్న కొడుకు నరేష్ సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. "మా వామనరావు గారికి కన్నీటి వీడ్కోలు" అని ఉంది. కాశయ్య అన్న పేరు ఎక్కడా లేదు. నేను గొడవ పెట్టుకుంటే అడుగున సన్నక్షరాలతో వేయించాడు, ఫోటో తీసిచ్చిన స్టూడియో పేరు పక్కన.

ఇక పెద్దదినం. మా చేలో సమాధి దగ్గర విస్తరి పరిచి, పోయిన మనిషికి ఇష్టమైనవి పెట్టి, కాకి కోసం చూడాలి. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అమ్మ తెల్లవారక ముందే లేచి సజ్జరొట్టె కాల్చి, గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. కాకి ముట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగనంది. ఆమెకు సుగరు. నా భయం నాది.

చేనికి పోయేసరికి రాచర్ల రాచర్లంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళ చేతుల్లో టిఫిను క్యారియర్లు. మూత తీస్తే ఉప్మా. జీడిపప్పు వేసినదొకటి, టమాటా వేసినదొకటి, సేమ్యాది ఇంకొకటి. మా వీధి చివరి సంతోషమ్మ నెయ్యి కారేలా చేసి తెచ్చింది. అమ్మ చెయ్యి ఒడిలోని గుడ్డ మీదకు పోవడమూ, మళ్ళీ వెనక్కి రావడమూ చూశాను. రొట్టె పక్కన పెడితే, కాకి వచ్చి ఉప్మా వదిలేసి దాన్నే ముడితే ఏమౌతుంది? ఇన్నాళ్ళూ పెట్టిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి. ఎవరో ఒకరు అడుగుతారు. విస్తరి నిండా ఉప్మా కుప్ప పోశారు.

కాకి వచ్చింది. మోటారు తీగ మీద వాలి, మెడ వంకరగా పెట్టి చూసింది. కిందికి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. మళ్ళీ పోయి తీగ మీద కూర్చుంది.

"ఏదో మిగిలిపోయింది" అన్నాడు ఆంజనేయులు పెదనాయన. కార్యమంతా నడిపించేది ఆయనే. "ఎవురన్నా మాటియ్యండి."

నరేష్ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "మామా, బస్టాండులో నీకు బొమ్మ పెట్టిస్తాం."

కాకి ముక్కు తీగకేసి రుద్దుకుంది.

"ఉప్మా ప్లేటుతో సహా పెట్టిస్తాం" అన్నాడు నరేష్.

కాకి లేచి అవతలి తుమ్మచెట్టు మీదకు పోయింది.

ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ పెదవులు పొడిబారాయి. మంచినీళ్ళ సీసా ఇస్తే నా చెయ్యి తోసేసింది. ఇక నా వల్ల కాలేదు. ఆమె చెవి దగ్గర వంగి, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"నోరు మూసుకో."

"మామ ఆకలితో పోతే నీకు బాగుంటుందా?"

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు పోయినప్పుడు కూడా అందరి ముందు అంతగా బయటపడలేదు. నేను అనకూడని మాట అన్నానని తెలిసింది గాని, వెనక్కి తీసుకొనే లోపే ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకొని లేచి నిలబడింది.

"అందురూ షెడ్డు ఎనక్కి పోండి" అంది. "ఇంతమంది చూస్తాంటే మనిషే తినలేడు. అది కాకి."

"ఆ మాట నిజమే" అన్నాడు పెదనాయన. ఇంతమంది చూస్తుండగా తినడమే మామ బతుకుతెరువన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అందరూ మోటారు షెడ్డు వెనక్కి నడిచారు. "దండం పెట్టుకోని వస్తా" అని అమ్మ ఒక్కతే ఆగింది. నేను గోడ మూల నుంచి చూశాను.

అమ్మ విస్తరి ముందు కూర్చుంది. అరచేత్తో ఉప్మా కుప్పను ఒక పక్కకెత్తింది. ఒడిలోంచి గుడ్డ విప్పి, రొట్టె తీసి అడుగున పెట్టి, మళ్ళీ ఉప్మా కప్పి, చంటిపిల్లకు దుప్పటి సర్దినట్టు పైన సర్దింది. రొట్టె అంచు మాత్రం కొంచెం బయటికి ఉంచింది. పెదవులు ఏదో అన్నాయి. నాకు వినపడలేదు. లేచి మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది.

కాకి తుమ్మచెట్టు దిగింది. ఈసారి చుట్టూ తిరగలేదు. కాలితో ఉప్మాను చిందరవందర చేసి, ముక్కు లోపలికి పెట్టి లాగింది. ఇంకొకటి వచ్చింది. ఆ అరుపులకు అందరూ షెడ్డు ఈవలికి పరిగెత్తుకొచ్చారు. ఉప్మా నేలంతా ఎగిరిపడి ఉంది, కాకులు తింటూనే ఉన్నాయి.

"ముట్టినాడు" అంది సంతోషమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "పైన పోసింది నా నెయ్యి ఉప్మానే."

ఆంజనేయులు పెదనాయన కళ్ళు చికిలించాడు. "ఆ నోట్లో నల్లగా ఏందది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తొణకలేదు.

"మాడు" అంది. "అడుగంటిన ఉప్మా అంటే వానికి ప్రాణం."

"అట్లనా. ఇన్నేళ్ళు చెప్పనేలేదే" అంది సంతోషమ్మ. "ఏటిదినానికి మాడబెట్టి తెస్తాలే అక్కా."

నాకు నవ్వాగక షెడ్డు గోడ వైపు తిరిగాను. ఏడుస్తున్నాననుకొని ఎవరో వీపు నిమిరారు. అది కూడా అబద్ధమేమీ కాదు.

అందరమూ చెట్టు నీడకు చేరాం. క్యారియర్లలో మిగిలిన ఉప్మా అందరికీ పంచారు. పొద్దున్నుంచీ ఏమీ ముట్టని మనిషి కదా అని అమ్మకు మొదటి ప్లేటు సంతోషమ్మే స్వయంగా తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది. అంతా అమ్మ మొహం వైపే చూస్తున్నారు. చల్లారి గడ్డకట్టిన ఉప్మా. అమ్మ ఒక ముద్ద పెట్టుకుంది, నిదానంగా నమిలింది. ఇంకో ముద్ద. ప్లేటు నున్నగా ఊడ్చేదాకా తల ఎత్తలేదు. ఎత్తాక, ఆరడుగుల తమ్ముడు ఎట్లా చాపేవాడో సరిగ్గా అట్లాగే చెయ్యి చాపి ప్లేటు ముందుకు పెట్టింది.

"ఇంకొంచెం ఉంటే పెట్టు సంతోషమ్మా" అంది. "లేకపోతే లేదని చెప్పు, గిన్నె నేనే చూస్తా."