పెద్ద పూల బకెట్టు

పటకారుతో పట్టిన బకెట్టును అతను కరిగిన జింకులో ముంచి, పైన తేలిన తెట్టును పక్కకు నెట్టి, పైకి లేపాడు. వెంటనే నీళ్లతొట్టిలో దించాడు. సుయ్‌మంది. మళ్లీ ఇంకొకటి. పెళ్లయిన ఏడాది పట్టిన పని ఇది. ఆ సెగకు కాలిన కనుబొమలు మళ్లీ సరిగా మొలవలేదు. కార్ఖానాలో అందరూ ‘బోడికళ్లు’ అంటారు. అతనూ దానికే పలుకుతాడు.

జింకు గడ్డకట్టేటప్పుడు రేకు మీద పూలు పూస్తాయి. నిజానికి అవి పూలు కావు, స్ఫటికాలు. ఆస్తి పంపకాలకొచ్చిన అన్నదమ్ముల్లా ఒక్కోటి ఒక్కో దిక్కుకు మొహం తిప్పుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. అందుకే బకెట్టు తిప్పితే ఒకటి మెరుస్తుంది, పక్కది మసకబారుతుంది. నీళ్లలో దించితే ఆవగింజలంత పూలు; నిదానంగా చల్లారనిస్తే అరచేతంత. నిదానానికి ఆ కార్ఖానాలో చోటు లేదు.

మంచాన పడ్డ భార్యకు, అతను తెచ్చే సొట్ట బకెట్లే కాలక్షేపం. కిటికీ వెలుగులో అతను తిప్పుతుంటే చూసేది. పొద్దున అతను బయల్దేరుతుంటే నవ్వింది.

"ఇన్నేళ్ల కాపురంలో పెద్ద పూలది ఒక్కటైనా తెచ్చావా? అన్నీ ఆవగింజలే."

"తెస్తాలేవే."

"ఎప్పుడు, నేను పోయాకా?"

డాక్టరు ఇదివరకే చేతులెత్తేశాడు. ఆమె మాట రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పని దిగే గంట కొట్టాక, మేస్త్రీ తిట్లు చెవిన పెట్టకుండా, ఒక బకెట్టు ముంచి కొలిమి పక్కనున్న వేడిగూట్లో పెట్టి తలుపు మూశాడు. తీసి చూద్దామని మనసు పీకింది. తొందరపడితే పూలు చిన్నవైపోతాయని ఆగాడు. బతుకులో మొదటిసారి ఒక పని తీరిగ్గా చేశాడు. తీసేసరికి, అరచేతంత పూలు! పసివాడిలా ఇంటికి పరుగెత్తాడు.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. కళ్లు వాచాయి.

"ఇంతసేపు ఎక్కడున్నావు బావా? అక్క నిన్నే అడిగింది, వాకిలి వంకే చూస్తూ. ఇప్పుడే... కాసేపు కూడా కాలేదు."

రోజూ వచ్చే వేళకు వచ్చుంటే ఆఖరి చూపు అందేది. దేవుణ్ణి తిట్టడానికి కూడా లేదు. తనే, పక్కన లేకుండా, ఆమెను పోనిచ్చాడు.

మరదలు కళ్లు తుడుచుకుని అతని చేతికేసి చూసింది.

"అక్క స్నానానికి నీళ్లు పట్టాలి. అదిలా ఇవ్వు బావా."

ఇచ్చేశాడు.

ఆమెను కాటికి తీసుకెళ్లాక, పెరట్లో బకెట్టు పక్కకు ఒరిగి పడి ఉంది, పూల మీద సబ్బునురగ ఆరిపోతూ.