సద్ది గిన్నె

"ఇంత కూడు మిగిలిపోయిందే, ఎవురు తింటారు మే దీన్ని?"

చంద్రకాంతమ్మ ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ చూడదు. తపేలా మూత ఎత్తి, లోపలికి చూసి, మూత పెట్టేస్తూ అంటుంది. నగరిలో వాళ్ల ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు. మధ్యాహ్నం ఒంటిగంటకు మిషన్లు ఆపి నలుగురు పనివాళ్లు, వాళ్లతోపాటు కొడుకు ధనుంజయ వసారాలో తిని లేస్తారు. తర్వాత ఆమె తింటుంది. ఆ తర్వాత వచ్చేది ఈ మాట. ఇరవై రెండేళ్లుగా కోడలు ఉదయలక్ష్మి దానికి నోటితో జవాబు చెప్పింది లేదు. కంచం ముందు పెట్టుకుని కూర్చునేది, అంతే. అది ప్రశ్న కాదని ఆమెకు కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే అర్థమయింది.

ఇప్పుడు మాత్రం ఎంగిలి కంచాలు ఎత్తుతున్నది కాస్తా ఆగి నిలబడింది. కడుపుకు ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలలయింది. చెన్నైలో డాక్టర్లు ఆమె పొట్టసంచిలో మూడొంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంగా కుట్టారు. అందులో అరగ్లాసుకు మించి పట్టదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఆ మాట ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే ఆమె మీదికే వచ్చింది.

"ఫ్రిజ్జులో పెడతాలే అత్తా," అంది.

"పెట్టు పెట్టు. నిన్నటిదీ ఆడే ఉండాది, మొన్నటిదీ ఆడే ఉండాది."

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి అందరూ తిన్నాక అన్నం తపేలా అడుగు కనబడకూడదు. అడుగు గీకిన ఇంట్లో లక్ష్మి నిలవదని చంద్రకాంతమ్మకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్ల అత్త చెప్పింది. అందుకని ఎసట్లో రోజూ ఒక దోసెడు బియ్యం ఎక్కువే పడాలి. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పెడితే తెల్లారేసరికి సద్ది. ధనుంజయకు పొద్దున ఇడ్లీ కావాలి, అందులోకి పచ్చడిగా చెనిక్కాయల ఊరిబిండి కావాలి. చంద్రకాంతమ్మకు చల్లనిది తగిలితే పళ్లు జివ్వుమంటాయి. కూతురు ధరణి అప్పట్లో చిన్నపిల్ల, సద్ది తింటే బడిలో నిద్రపోతుందనేవాళ్లు. లక్ష్మి అందరిదీ. సద్ది మాత్రం ఉదయది.

సద్ది ఒక్కటే కాదు. అడుగంటిన పులుసు, పిల్ల వదిలేసిన దోసె ముక్క, పండుగనాడు మిగిలిన పాయసం, పనివాళ్లలో ఒకరు రాని రోజున వాళ్ల వంతు సంగటి. మొగుడి కంచంలో మిగిలింది పెళ్లాం తినాలని అత్త చెప్పింది కాబట్టి అదీ. నాలుగింటికి లేచి ఏడుగురికి వండి, గిన్నెలు తోమి, షెడ్డులో కూర్చుని మగ్గాలకు దారం కండెలు చుట్టి, మళ్లీ వచ్చి వండి, వడ్డించి, చివరికి ఆమె తినే వేళకు ఆకలి ఎప్పుడో చచ్చిపోయి ఉండేది. అయినా తినేది. పారబోస్తే పాపం అనుకుని తినేది. ఆ పాపం పక్కవాళ్లెవరికీ ఎందుకు అంటదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. పెళ్లినాడు నాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "మా అక్క ఇంటికే పోతా ఉండావు కదమ్మా, కూటికి మాత్రం నీకు కొదవుండదు," అన్నాడు. చంద్రకాంతమ్మ ఆయనకు సొంత అక్క. నాయన అబద్ధం చెప్పలేదు.

పెళ్లిలో యాభై రెండు కిలోలున్న మనిషి నూట పద్దెనిమిది అయింది. ఆ అరవై ఆరు కిలోలూ ఆ ఇంటి తపేలాల్లోంచి వచ్చినవే. కానీ ఆ ఇంట్లో అందరూ అది ఆమె ఎక్కడినుంచో దొంగిలించుకొచ్చినట్టు మాట్లాడేవాళ్లు. "ఏం తింటావు మే, నాకు తెలీకుండా?" అని ధనుంజయ నవ్వుతూ అడిగేవాడు. పెళ్లిళ్లకు పోతే పది అడుగులు ముందు నడిచేవాడు. ఒకసారి షెడ్డు ముందు ఆటో ఎక్కబోతుంటే పనివాడు మురుగేష్‌తో, "ఈమె ఒక సవారీ కాదబ్బా, మూడు సవారీలు. డ్రైవరుకు ముందే సెప్పు," అన్నాడు. నలుగురూ నవ్వారు. ఉదయ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా అవమానంగా ఉండేదని నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ వాళ్ల మీద కంటే తన మీదే మంట పుడుతుంది.

చక్కెర జబ్బు వచ్చింది, మోకాళ్లు పోయాయి. కండెలు చుట్టడానికి కింద కూర్చుంటే లేవలేకపోయేది. ఆపరేషన్ తప్ప దారి లేదని చెన్నై డాక్టరు చెప్పినప్పుడు ధనుంజయ అడిగింది ఒకటే మాట. "ఇంట్లో పని ఎప్పుట్నించి సేస్తాది సార్?" నాలుగు వారాలు బరువులు ఎత్తకూడదని డాక్టరు అంటే ఇతను తల పట్టుకున్నాడు. ఖర్చంతా తనదేనని ఊరంతా చెప్పుకున్నాడు కానీ, పుట్టింట్లో వాళ్లమ్మ పెట్టిన రెండు జతల బంగారు గాజులు ఆ నెల నుంచే ఉదయ చేతులకు లేవు.

ఆపరేషన్ తర్వాత కొత్త బతుకు ఒకటి నేర్చుకోవాల్సి వచ్చింది, పసిబిడ్డ నేర్చుకున్నట్టు. మొదట నీళ్లు, తర్వాత జావ, తర్వాత మెత్తగా నలిపిన పప్పు, ఆ తర్వాత గుడ్డు. తింటూ నీళ్లు తాగకూడదు. ముద్ద ఇరవైసార్లు నమలాలి. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు, వేళ తప్పకుండా. ఆరోగ్యం మాట దేవుడెరుగు, ఉదయకు ముందు ఈ వేళ అనేదే కొత్త. ఆ ఇంట్లో ధనుంజయకు వేళ ఉంది, పనివాళ్లకు వేళ ఉంది, మగ్గాలకు నూనె పొయ్యడానికి వేళ ఉంది. ఆమెకు వేళ అంటే అందరి వేళలూ అయిపోయాక మిగిలింది. ఎనిమిదింటికి గుడ్డు తినాలని కూర్చుంటే వసారాలోంచి కేక వచ్చేది, ఇంకో రెండు ఇడ్లీలు తెమ్మని. తెచ్చి కూర్చునేసరికి గుడ్డు చల్లారేది, పదయ్యేది. నెలకు ఏడెనిమిది కిలోలు తగ్గుతుంటే జుట్టు దువ్వెన నిండా వచ్చింది. చేతుల కింద తోలు సంచిలా వేలాడింది. "ముందన్నా నిండుగా ఉన్నింది, ఇప్పుడు సూడు, గాలి తీసిన ట్యూబు," అన్నాడు ధనుంజయ. లావుగా ఉన్నా, సన్నగా అయినా, తన ఒళ్లు అతనికి ఒక హాస్యమని ఆమెకు తెలిసిపోయింది.

అన్నిటికంటే కష్టం తన చేతులతోనే వచ్చింది. కడుపు మారింది కానీ చేతులకు ఆ సంగతి తెలియదు. ఆ రోజు ఫ్రిజ్జులో మూడో గిన్నె పెట్టి వచ్చి ధనుంజయ కంచం ఎత్తింది. అందులో రెండు ముద్దల సంగటి, పులుసులో నాని, మిగిలి ఉంది. ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా వినబడే అత్త నిట్టూర్పు ఇంకా చెవిలోనే ఉంది. ఏదో ఆలోచిస్తూ నిలబడి తినేసింది. మింగాక గానీ తెలియలేదు. రొమ్ము ఎముక వెనక రాయి దిగినట్టు పట్టేసింది. ఊపిరి అందలేదు. పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే ధనుంజయ షెడ్డులోంచి వచ్చి, పనివాళ్లు వింటుండగానే అన్నాడు.

"లచ్చలు పోసి కడుపు కోయించినా గానీ, నోరు కోయించలేకపోతిని."

ఉదయ నోరు కడుక్కుంది. నీ కంచంలోదే తిన్నానని చెప్పాలనుకుంది. చెబితే ఎందుకు తిన్నావంటాడు. దానికి జవాబు ఇరవై రెండేళ్ల పొడుగు ఉంది. వాంతి చేసుకుంటూ చెప్పగలిగేది కాదు.

ఆ వారమే చెన్నైలో చూపించుకునే తేదీ వచ్చింది. అక్కడ తిండి సంగతులు చెప్పే అమ్మాయి పేరు పూజిత, తెలుగు పిల్లే. వాంతి గురించి రాసుకుని, "అక్కా, ఒక్కటి చెప్పండి. ఆకలేసి తిన్నారా, మిగిలిందని తిన్నారా?" అని అడిగింది.

ఉదయ నోరు తెరిచేలోపల ధనుంజయ అందుకున్నాడు. "ఆకలి ఏమి మేడమ్, నోరు కట్టుకోలేదు, అంతే. మీరే గట్టిగా సెప్పండి."

పూజిత అతనికేసి చూడలేదు. ఉదయనే చూస్తూ కూర్చుంది. ఉదయ తల దించుకుంది. తిరుత్తణి మీదుగా తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఆ ప్రశ్ననే తిరగేసింది. తాను ఆకలేసి, ఆ ఆకలి కోసమని, తనకంటూ వడ్డించుకుని తిన్న అన్నం ఎప్పుడు? పుత్తూరులో నాయన ఇంట్లో, పెళ్లికి ముందు, పప్పులో నెయ్యి వేసుకుని తిన్నది గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎంత వెతికినా ఒక్క రోజూ దొరకలేదు. అరవై ఆరు కిలోలు పెరిగిన మనిషి ఇరవై రెండేళ్లలో ఒక్క పూట కూడా తన తిండి తినలేదు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా వేడెక్కింది. పక్క సీట్లో ధనుంజయ నిద్రపోతూ ఆమె భుజం మీదికి ఒరిగాడు. ఆమె జరిగి కూర్చుంది.

శనివారం సాయంత్రం ధరణి వచ్చింది. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారం పొద్దున ఉదయ మిద్దె మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి, వంటింట్లో పీట మీద ధరణి కూర్చుని ఉంది. ముందర సద్ది గిన్నె. అప్పటికి నాలుగు ముద్దలు తిన్నట్టుంది. పక్కన చంద్రకాంతమ్మ ఎర్రగడ్డ కోసి మనవరాలికి అందిస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం నిమ్మళంగా ఉంది.

"నువ్వు యాడ తింటా ఉండావు దాన్ని?" అంది ఉదయ.

"నేను తినేస్తే ఈ రెండు రోజులన్నా నువ్వు తిట్లు తినకుండా ఉంటావు కదమ్మా," అంది ధరణి. నవ్వుతూనే అంది. ఆటో పక్కన నిలబడి తాను నవ్విన నవ్వు అదేనని ఉదయకు తెలిసింది.

"తిననీ మే," అంది చంద్రకాంతమ్మ. "నువ్వొచ్చేదాకా ముప్పై ఏండ్లు నేను తిన్నా. నువ్వొచ్చిన రోజే సెయ్యి కడుక్కున్నా. రేపు ఇది పోయే ఇంట్లో మాత్రం సట్టిలో కూడు మిగలదా? అలవాటు కావల్ల."

ఆమె కోపంగా అనలేదు. వంట నేర్పినట్టు, ముగ్గు నేర్పినట్టు చెప్పింది. చెబుతూ కట్టు కట్టిన తన ఎడమకాలు కొంచెం వెనక్కి లాక్కుంది. చక్కెరతో రెండు వేళ్లు తీసేసిన కాలు అది. ఉదయ ఆ కాలు చూసింది. వేలాడుతున్న తన చేతుల తోలు చూసుకుంది. సన్నటి మణికట్టుకు నల్లదారం కట్టుకుని, ఇంకో ముద్ద ఎత్తుతున్న కూతురి చెయ్యి చూసింది. ఈ ఇంటి లక్ష్మి ఎక్కడ నిలుస్తుందో ఆమెకు అప్పుడు కనబడింది. ఆడవాళ్ల ఒంట్లో నిలుస్తుంది, కిలోలుగా, చక్కెరగా. ఒకరి ఒళ్లు కోసేస్తే ఇంకొకరి ఒళ్లు వెతుక్కుంటుంది.

వంగి గిన్నె తీసుకుంది. "లెయ్యి. చెయ్యి కడుక్కో," అంది కూతురితో.

వసారాలో ధనుంజయ ఇడ్లీ కోసం కూర్చుని ఉన్నాడు. ఉదయ గిన్నెలో మజ్జిగ పోసింది, ఉప్పు వేసింది, ఎర్రగడ్డ పక్కన పెట్టింది. ఏ మాత్రం కొరత చెయ్యకుండా, తినేవాళ్లకు పెట్టినట్టే సిద్ధం చేసి, తీసుకుపోయి అతని ముందు పెట్టింది.

"ఇదేంది?"

"సద్ది."

"ఇడ్లీ యాడ?"

"ఈ పొద్దు పొయ్యలేదు మామా. ఇంత కూడు మిగిలిపోయింది. ఎవురు తింటారు దీన్ని?"

అతను గిన్నెలోకి చూశాడు. ఆమెను చూశాడు. ఆమె ఏడుస్తోందేమోనని చూసినట్టుంది. "ధరణి ఉండాది కదా," అన్నాడు.

"ధరణి తినదు. నేనూ తినను."

చంద్రకాంతమ్మ కాలు ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చింది. "మొగోనికి సద్ది పెడతావా మే?" అంది.

"నువ్వూ రా అత్తా, కూసో. పద్ధతి నీది, సట్టిలో కూడు ఆయప్పది. మాపటికి కూడా అడుగు కనపడకుండా వండమంటే వండుతా. పొద్దున తెచ్చి ఈడనే పెడతా."

గోడ గడియారంలో ఎనిమిదయింది. అది ఆమె వేళ. వంటింట్లోకి పోయి ఉడికించిన గుడ్డు చిన్న కంచంలో పెట్టుకుని తెచ్చింది. ఇన్నేళ్లలో మగవాళ్లు తప్ప కూర్చోని వసారా బల్ల దగ్గర, ధనుంజయకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. షెడ్డులోంచి మురుగేష్ దారం కోసం కేకేశాడు. ఆమె లేవలేదు.

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిన్నె ఇద్దరి మధ్యా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో రోజూ వినబడే మాట మొదటిసారి నిజంగా ప్రశ్న అయి కూర్చుంది. జవాబు వాళ్లు ఆలోచించుకోవాలి. ఉదయ గుడ్డు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ, తీరిగ్గా నమలసాగింది.