ఇలకూర దురాయి

కంచె దగ్గర కాపలావాడు మాలకొండమ్మ చేతిలోని గంప లాక్కుని బూటుకాలితో తొక్కాడు. అందులో ఉన్నది దొంగసొత్తు కాదు, ఇలకూర. చౌటినేలలో ఎవరూ విత్తకుండా మొలిచే ఉప్పటి ఆకు. వేట నిషేధం నెలల్లో పడవలు ఒడ్డున పడుంటే మా పల్లె పొయ్యిల మీద ఉడికేది అదే. దాని మీద కూడా కన్నేశారంటే ఈ పెద్దమనుషుల ఆకలి ఎంతదో మీరే చూడండి.

చౌటికి కంచె వేసినవాడు గూడూరు కాంట్రాక్టరు విజయభాస్కర్. రొయ్యల గుంటలు తవ్వి మా పొలాలను చంపిందీ వాడే. ఇప్పుడు ఉప్పునేలలో కూడా పెరుగుతుందని ఈ ఆకును మడులు కట్టి సాగు చేస్తాడట, పట్నం హోటళ్లకు పంపుతాడట. మొక్క మాది, నేల మాది, సాగు మాత్రం వాడిది. సిగ్గు లేకపోతే సరి.

వాడికి దారి ఇచ్చింది మా ఊరి పెద్దలే. చౌట్లోకి ఎవరూ పోకూడదని దురాయి వేశారు. దురాయి అంటే పల్లె కట్టుబాటు, దాటితే వెలి. అది వేసే కూటంలో ఆడవాళ్లకు చోటు లేదు. ఆరోజు మాలకొండమ్మ నలిగిన గంపతో వచ్చి కూటం మధ్యలో కూర్చుంది. ఆమె వెనకే పల్లె ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఎదురుగా ఊరి పెద్ద మాల్యాద్రి, ఆమె మొగుడే.

"ఎవుర్నడిగి ఒప్పుకున్నారయ్యా?"

"గడ్డే కదా అనుకున్నాం మే."

"గడ్డా? నిన్న మారు అడిగి పెట్టించుకుని తిన్నావే, అది యాడ మొలిచిందనుకున్నావు? నా కుండలోనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాల్యాద్రి తల దించుకుని, "వాడు సాగు చేస్తే మనకి పనులిస్తానన్నాడు," అని గొణిగాడు.

గూడూరు కాలేజీలో చదివే బిందు లేచింది. "సాగు తప్పు కాదు మామా. వాడు పాడు పెట్టిపోయిన గుంటల్లో మనమే పెంచుదాం. పండింది మనమే పంచుకుందాం. చౌడు మాత్రం ఊరందరిదీ, దానికి కంచె వెయ్యనిచ్చేది లేదు."

"అయితే మా దురాయి ఇనండి," అంది మాలకొండమ్మ. "కంచె పీకేదాకా ఏ ఇంట్లోనూ మొగోడికి కూడు వడ్డించం. బిడ్డలకి పెట్టుకుంటాం. మీరు కాంట్రాక్టరింటికి పోయి తినండి."

పెద్దలు నవ్వారు. సాయంత్రానికి నవ్వు ఆగింది. మర్నాడు పొద్దున్నే గడ్డపారలు పట్టుకుని వాళ్లే ముందు నడిచారు. ఊరంతా కలిసి కంచె పీకి కుప్ప పోసింది.

కాంట్రాక్టరు ఫోను చేస్తే పోలీసులు రాకుండా ఉంటారా? ఎస్సై దిగీ దిగకముందే, "లీడరెవరు?" అన్నాడు.

"నేనే," అని మాలకొండమ్మ తానే పోయి జీపెక్కింది. రాఘవమ్మ ఎక్కింది, కామమ్మ ఎక్కింది. జీపులో చోటు చాలక మిగతా ఆడవాళ్లు చక్రాల ముందు బైఠాయించారు.

మాల్యాద్రి మొహం ఎర్రబడింది. జీపు దగ్గరకు పోలేదు, నేరుగా చౌట్లోకి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లు తిన్న మొక్కను ఏనాడూ తాకిన చెయ్యి కాదది.

"ఏమ్మే," అని అందరూ వినేలా అరిచాడు, "ఎంతకాడికి తుంచాల?"

"లేత కొనల వరకే. వేరు కదిలిందంటే జీపు దిగొచ్చి తంతా."

ఆయన వంగాడు. మగవాళ్లంతా వరసగా వంగి తుంచసాగారు. ఎస్సై లాఠీ ఎత్తి లేవమన్నాడు. ఒక్కడూ లేవలేదు.