పన్నెండు పాఠాలు

"మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందే? పెట్టె కాలిపోదు కదా?"

ఇంకా ఏమీ మొదలుకాకముందే అడిగాను. మా చిన్నది కుర్చీలో కాళ్ళు ముడుచుకుని నవ్వింది. "అమ్మా, నువ్వు పుట్టగానే ఏడవలేదట, 'ఇక్కడ గాలి అందరికీ సరిపోతుందా' అని అడిగావట. నిజమేనా?"

దానికి అంతా నవ్వులాటే. మా కంప్యూటర్‌లోని సిస్టమ్ పాతబడిందనీ, ఇక దానికి రక్షణ ఉండదనీ, కొత్తది ఎక్కించుకోమనీ నెల రోజులుగా తెరమీద హెచ్చరిక వస్తోంది. కొత్తది ఎక్కాలంటే లోపల చోటు కావాలి. ఉన్న చోటంతా మా పెద్దాడి వీడియోలే ఆక్రమించాయి.

పెద్దాడు ట్యూషన్లు చెప్పేవాడు. రాలేని పిల్లల కోసం లెక్కల పాఠాలు రికార్డు చేసి పెట్టాడు. మొత్తం పన్నెండు. అవి ఎవరికీ పంపకముందే, కిందటేడు జ్వరం వాణ్ణి తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది. ఫోటోలు గోడ మీద ఉన్నాయి గానీ, గొంతు మిగిలింది ఆ పన్నెండింటిలోనే. భిన్నాల గురించి నాకు తెలిసింది గుండుసున్నా. అయినా రోజుకొకటి పెట్టుకుని వినేదాన్ని. నాకు లోపల వెతుక్కోవడం రాదని చిన్నదే వాటిని ఎప్పుడో తెరమీద వరసగా పెట్టి ఇచ్చింది.

"అవి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇక్కడ చెరిపేద్దాం," అంది.

"ఆ పని నేను చేస్తాను. నీ తొందరలో ఒకటి వదిలేస్తావు."

"సరే మహాతల్లీ," అని, ఎలా లాగి వదలాలో చూపించి స్నానానికి వెళ్ళింది.

తెరమీది బొమ్మలను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ లాగాను. రెప్పపాటులో పన్నెండూ చేరిపోయాయి. ఇంత త్వరగానా అని అనుమానం వచ్చింది. కొత్త పెన్‌డ్రైవ్ కదా, చురుకైనదేమో అనుకున్నాను. ఉన్నవాటికీ లేనివాటికీ బతుకంతా భయపడ్డదాన్ని, భయపడాల్సిన ఆ ఒక్కచోట మాత్రం సర్దిచెప్పుకున్నాను.

"అన్నీ వచ్చాయా?"

"వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టా."

చిన్నది లోపలి వీడియోలు చెరిపేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. చోటు సరిపోయిందని తెర చెప్పింది. కొత్త సిస్టమ్ దిగడానికి మూడు గంటలు పట్టింది. ఇక ఎక్కించడమే తరువాయి అన్నప్పుడు మళ్ళీ నా ప్రాణం కొట్టుకుంది.

"ఆ బటన్ నొక్కేముందు ఒక్కసారి వాడి గొంతు వినిపించవే."

చిన్నది పెన్‌డ్రైవ్ తెరిచింది. ఒకటి నొక్కింది. ఫైలు దొరకలేదని వచ్చింది. ఇంకొకటి నొక్కింది. పన్నెండూ నొక్కింది. కుర్చీ వెనక్కి నెట్టి నావైపు తిరిగింది.

"అమ్మా, ఇవి వీడియోలు కావు. వీడియో ఎక్కడుందో చూపించే గుర్తులు, అంతే. నేనే పెట్టాను కదా... నేనే చూసుకోవాల్సింది."

వీధి చివర రిపేరు షాపు దాకా కంప్యూటర్‌ను చెరోవైపు పట్టుకుని మోసుకెళ్ళాం. షాపతను మొదట అడిగింది ఒక్కటే: "చెరిపేశాక లోపలికి ఏమైనా దింపారా?"

"కొత్త సిస్టమ్ మొత్తం దింపాం," అంది చిన్నది.

"అయితే ఆ చోట్లో అదే కూర్చుని ఉంటుంది." అయినా సాయంత్రం దాకా కూర్చుని వెతికాడు. తల అడ్డంగా ఊపి, డబ్బులేం వద్దమ్మా అన్నాడు.

మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే, ఏదీ దాచకుండా చెప్పేశాను. ఆయన ఆ వీడియోలు ఒక్కసారీ వినలేదు. నేను పెట్టగానే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవారు. వాడు పోయాక ఆయన నోట వాడి మాట రాలేదు.

ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"తిట్టండి," అన్నాను. "పోనీ కొట్టండి."

రెండో బూటు ఇంకా ఆయన కాలికే ఉంది.

"దాన్నేం అనకండి. నాదే తప్పు. ఇక నాకు వాడి గొంతు రోజురోజుకీ చెరిగిపోతుందండీ. మీకైనా గుర్తుందా?"

పక్కగదిలో చిన్నది ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. వీధి దీపాలు వెలిగాయి. ఇంట్లో ఎవరమూ లైటు వేయలేదు. ఇక ఈ జన్మకి జవాబు రాదనుకుని లేవబోయాను.

"భోజనానికి పిలిస్తే," అన్నారు, చేతిలోని బూటునే చూస్తూ, "'రెండు నిమిషాలమ్మా' అనేవాడు. చివర్న ఇలా సాగదీసేవాడు... మ్మా...ఆ... అని."