విప్పని మూటలు

అనీసియా అరచేతిలో దిగిన సూదిని నేనే పీకాను. వార్డు నుంచి వచ్చిన దుప్పట్ల మూటలో, చీము గుడ్డల మధ్య, ఎవరికో గుచ్చి పారేసిన సూది అది. మా ఊరి ఆసుపత్రి నేలమాళిగలో మేం ఆడవాళ్ళం బట్టలు ఉతుకుతాం. మూటల్లో నెత్తురు, మలం, వాంతి వస్తాయి. ఒకసారి తెగిన కాలివేలు వచ్చింది. రొమేనియాలో ఏ ప్రభుత్వం వచ్చినా మూటలు అలాగే వస్తాయి. అలవాటు పడ్డాం. అలవాటు పడ్డందుకే ఇప్పుడు నా మీద నాకు రోత.

అనీసియాకు చంటిబిడ్డ. రక్తపరీక్షలు తేలేదాకా పాలివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు ఆమె తొట్టి మీదికి వంగి పాలు పిండుకుంటుంటే, ఆ తెల్లటి చార మురికినీళ్ళలో కలిసిపోవడం అందరం చూశాం.

మందపాటి గ్లవ్స్ ఇవ్వాలని, సూదులు వార్డులోనే ఏరేయాలని ఏళ్ళుగా అడుగుతున్నాం. డైరెక్టర్ మర్దారే ఈసారీ కుదరదన్నాడు. పైగా ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు కదా అని ఫాదర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. రోగుల బట్టలు ఉతకడమంటే ప్రభువు గాయాలు కడగడమేనని ఫాదర్ అన్నారు. గుడ్ ఫ్రైడే నాడు మా ఇళ్ళలో ఎవరూ బట్ట తడపరు. ఇక్కడ ఉతికితే పాపం లేదని చెప్పిందీ ఆయనే. ఆ మాట నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. అయినా అడిగాను.

"గాయాలు కడుగుతాం ఫాదర్. కొత్తవి చేసేవాళ్ళకి ఏం చెబుతారు?"

ఆయన సిలువ గుర్తు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం చిక్కుడుగింజల సూప్ గిన్నెల చుట్టూ రెండు షిఫ్టులవాళ్ళం కూర్చున్నాం. సమ్మె చేద్దామని జంఫీరక్క అంది. మేం లేకపోతే ఆసుపత్రి నడవదు గనక మేం సమ్మె చేస్తే నేరమని డైరెక్టర్ అప్పటికే బెదిరించి ఉన్నాడు. జీతం పెంచమన్నప్పుడు ఇదే మనిషి, మీలాంటివాళ్ళు గేటు బయట బోలెడుమంది అన్నాడు.

"జీతమడిగితే ఈగలం, సమ్మె అంటే స్తంభాలమా? ఏదో ఒకటి తేల్చమనండి," అంది జంఫీరక్క.

మొగుడికి పనిలేని స్మరాండా ఏడుపు గొంతుతో, తనని ఇందులోకి లాగొద్దంది. రోగులు ఏం పాపం చేశారని నేనడిగాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి అందరం పనికి రావాలని, వార్డులో విప్పి ఏరిన బట్టలే ఉతకాలని, కట్టిన మూట ముట్టకూడదని అనుకున్నాం. ప్రాణం మీదికొచ్చే కేసులకు చాలినన్ని దుప్పట్లు ముందే ఉతికి బీరువాలో పెట్టాం.

మర్నాడు కాన్పుల వార్డు నర్సులు తామే దిగివచ్చి తమ మూటలు విప్పి ఏరారు. అవి ఉతికాం. మిగతా వార్డుల నర్సులను దిగిరావద్దని డైరెక్టర్ ఆపేశాడు. మూటలు గోడెత్తున పెరిగాయి. కంపు మెట్ల మీదుగా పైకి పాకింది. అప్పుడతను పోలీసులతో దిగాడు.

"ఇది సమ్మే," అన్నాడు.

"పనిలోనే ఉన్నాం సార్. మెషీన్లు తిరుగుతున్నాయిగా," అన్నాను. "మీరొక్క మూట విప్పండి. మిగతావి మేం విప్పుతాం."

పోలీసుల ముందు వెనక్కి తగ్గలేక చొక్కా చేతులు మడిచాడు. ముడి పట్టుకున్నాడు. గోధుమరంగు నీళ్ళు వేళ్ళ సందుల్లోకి కారాయి. చెయ్యి వెనక్కి లాక్కుని చుట్టూ చూశాడు.

"గ్లవ్స్ ఏవి?"

ఎవరూ నవ్వలేదు. జంఫీరక్క అతని బూట్ల పక్కన ఉమ్మేసింది.

అతను జంఫీరక్కనీ అనీసియానీ వేలెత్తి చూపించాడు. పోలీసులు ఇద్దరినీ తీసుకుపోయారు. అనీసియా కట్టు కట్టిన చెయ్యి గుండెలకు ఆనించుకుని, తలెత్తి నడిచింది.

అంతలో షిఫ్టు అయిపోయింది, అయినా మేం కదల్లేదు. రెండో షిఫ్టువాళ్ళు గేటు దగ్గరే సంగతి విని వచ్చారు. ఏప్రాన్లు కట్టుకుని మూటల ముందు నిలబడ్డారు. మీరైనా విప్పుతారా లేదా అని డైరెక్టర్ అరిచాడు. స్మరాండా చేతులు రెండూ ఏప్రాన్ జేబుల్లో దోపుకుంది.

"ముందు మావాళ్ళిద్దర్నీ తీసుకురండి సార్. గ్లవ్స్ సంగతి తర్వాత మాట్లాడదాం," అంది.

గోడ మీది ఫోను మోగింది. దుప్పట్లేవని అడగడానికి పై అంతస్తువాళ్ళే అయ్యుంటారు. మాలో ఎవరూ కదల్లేదు. మోగీ మోగీ, చివరికి డైరెక్టరే వెళ్ళి ఆ తడిచేత్తో ఎత్తాడు.