తెల్లపొర చేదు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాకపోతే కాకపోయింది, మనసు మంచిదే కదా అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట అనుకోవడానికి కూడా నోరు రావడంలేదు.

నేను పనిచేసేది పళ్ళరసాల ఫ్యాక్టరీలో. పదకొండేళ్ళుగా లేబుళ్ళు అంటించే బల్ల దగ్గరే నిలబడుతున్నాను. మా దగ్గర పంపరపనస పళ్ళ రసం తీశాక, తొక్కకీ తొనలకీ మధ్య ఉండే మందపాటి తెల్లపొరని ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడి డబ్బా మీది లేబుల్ నాకు కంఠతా వచ్చు. నిమ్మజాతి పళ్ళలోని సహజ పదార్థాలు రక్తనాళాలకు మేలు చేస్తాయని, వాపులు తగ్గిస్తాయని, ఆ గుణమంతా చేదులోనే ఉందని దానిమీద రాసుంటుంది. పని దిగేటప్పుడు దెబ్బతగిలిన పళ్ళు ఇంటికి పట్టుకెళ్ళనిస్తారు. అందరూ తియ్యటివి ఏరుకునేవాళ్ళు. నేను మా తమ్ముడికోసం చేదువి ఏరేదాన్ని.

వాడిది గడియారాలు బాగుచేసే పని. నిరుడు రెండు కిడ్నీలూ చెడిపోతే నాదొకటి ఇచ్చాను. అప్పట్నుంచి వాడూ మా మరదలూ నాతోనే ఉంటున్నారు. నా కిడ్నీని వాడి ఒళ్ళు పరాయిదనుకుని తోసెయ్యకుండా రోజూ రెండుపూటలా మాత్రలు వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు నర్సు బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టి, "ఇందులో తినకూడనివి ఉన్నాయి, చదువుకోండమ్మా" అంది. చదువుతాంలే అన్నాను.

వాడికి ఆ పళ్ళరసం మొదటి గ్లాసు కలిపిన రోజు మరదలు నసిగింది. "వదినా, డాక్టరుగారిని ఒక్కసారి అడుగుదామా?"

"ఏంటీ, పళ్ళరసానికి కూడా పర్మిషనా? పదకొండేళ్ళుగా అంటిస్తున్నాను, నాకు తెలీదా? నువ్వూరుకో తల్లీ."

పాపం, ఊరుకుంది. తమ్ముడు ముక్కు చిట్లించుకుని గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించాడు. చిన్నప్పుడు నేను మందు పోస్తే అలాగే చూపించేవాడు. నాకు ఎంత ముచ్చటేసిందో!

మూడు వారాలకి వాడి చేతులు వణకడం మొదలైంది. ఆవగింజంత మర ఒకటి పట్టకారులోంచి జారిపోతే, ముగ్గురం నేలమీద పాకుతూ వెతికాం. దొరికింది కానీ వాడు దాన్ని బిగించలేకపోయాడు.

"నీరసంరా, ఇంకేం లేదు," అన్నాను. ఆ రోజునుంచి ఒక గ్లాసు రెండు చేశాను. తెల్లపొర కూడా రుబ్బి కలిపాను. వాడు అదీ తాగాడు. తర్వాత ఒకావిడ ఇచ్చిన చేతి గడియారాన్ని "నావల్ల కాదండీ" అని వెనక్కి ఇచ్చేశాడు. వాడి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పాదాలు ఉబ్బాక మరదలు నన్ను అడక్కుండానే ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయింది. సంగతి తెలిసి, ఫ్యాక్టరీ ఆప్రాన్ విప్పకుండానే వెనకాలే పరిగెత్తాను.

డాక్టరు రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూశాడు. "మాత్రల మందు ఒంట్లో నాలుగింతలు పేరుకుపోయింది. పంపరపనస ఏమైనా తిన్నాడా?"

"నేనే కొనుక్కుని తాగానండీ," అన్నాడు తమ్ముడు.

"అబద్ధం. నేను పోశాను," అన్నాను. "అది రక్తనాళాలకి మంచిది కదా సార్?"

"మామూలు వాళ్ళకి మంచి పండేనమ్మా. కానీ ఈ మందుని అది ఒంట్లోంచి పోనివ్వదు. మందు ఎక్కువైతే కాపాడాల్సిన కిడ్నీనే పాడుచేస్తుంది. బొమ్మ వేసి మరీ ఇచ్చాం కదా."

ఇంటికొచ్చి ఆ కాగితం కోసం ఇల్లంతా తిరగేశాను. మాత్రల డబ్బాలు పెట్టే అలమరాలో, అరకి మరకలు పడకుండా నేనే పరిచి ఉంచాను. పైనుంచి రెండో బొమ్మే పంపరపనస, దానిమీద ఎర్రగా ఇంటూ గుర్తు. దాని చుట్టూ నేను రోజూ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకలు. లోకంలో ఉన్న లేబుళ్ళన్నీ చదివిన మహాతల్లిని! చెంపలు వాయించుకుంటే మరదలు వచ్చి నా చేతులు పట్టుకుంది. "నేనైనా అడిగి ఉండాల్సింది వదినా" అని ఏడ్చింది. ఒక్క మాట తిట్టినా బావుండేది.

మందు తగ్గించారు, మార్చారు, మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉంచారు. కిడ్నీ కోలుకోలేదు. "రెండోది కూడా తీసుకోండి" అన్నాను డాక్టరుతో. "అది మీరు బతకడానికమ్మా" అన్నాడాయన. మరదలిది సరిపడదని నిరుడే తేలింది. ఇంకెవరున్నారు మాకు?

ఇప్పుడు వారానికి మూడురోజులు వాణ్ణి రక్తం కడిగే మిషన్ దగ్గర పడుకోబెడతారు. తాగే నీళ్ళు కూడా కొలిచే ఇస్తారు. నిన్న పక్కన కూర్చుని అడిగాను, "ఒరే, అంత చేదు ఎలా తాగావురా రోజూ?"

వాడు ట్యూబుల వైపు చూస్తూ చెప్పాడు. "నోట్లో పెట్టుకోబుద్ధయ్యేది కాదక్కా. తాగితే కడుపులో తిప్పేది. కానీ నువ్వు కిడ్నీ కోసి ఇచ్చినదానివి. ఒక గ్లాసు రసం వద్దని నీకెలా చెప్పను?"

వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ మళ్ళీ పనిలోకి వచ్చాను. ఆ లేబుళ్ళే అంటిస్తున్నాను. వాటిలో ఒక్క అబద్ధమైనా ఉంటే ఎవణ్ణో ఒకణ్ణి తిట్టేదాన్ని.